రంగూన్ టీ కొట్టులో దొరల గుడి

మా భీమిలిలో రంగూన్ అన్న మాట ఇప్పటికీ తలుపుల దగ్గరే వినపడుతుంది. పాత ఇల్లు విప్పి సామాను అమ్మేటప్పుడు "ఇది రంగూన్ టేకు" అంటే చాలు, బేరం మారిపోతుంది. ఆ టేకు వచ్చిన ఊరిని చూసినవాళ్లు మాత్రం మా వీధిలో ఎవరూ లేరు. మొన్న మాఘమాసంలో నేను చూసి వచ్చాను. వచ్చిన నాటి నుంచి నా ఇడ్లీ బండి దగ్గర ప్లేటు పట్టుకున్నవాళ్లంతా "చెప్పు, చెప్పు" అంటున్నారు. ఒక చేత్తో చట్నీ వేస్తూ ఎంతని చెప్పను? యాభై దాటాక సాయంత్రం బడికి వెళ్లి నేర్చుకున్న అక్షరాలు ఉన్నాయి కదా, కూర్చుని రాసేద్దామనుకున్నాను. విమానాలు, కాగితాలు, సూట్‌కేసు తూకాల సంగతి వదిలేస్తున్నాను. అవి ఎవరికైనా ఒకేలా ఉంటాయి.

ఎందుకు వెళ్లానో ముందు చెప్పాలి. మా తాతకు అన్నగారు, అప్పన్న అని, కుర్రతనంలో ఓడెక్కి రంగూన్ రేవులో పనికి వెళ్లి అక్కడే ఉండిపోయాడు. ఆయన మనవరాలు అప్పలనరసమ్మ నాకు వరసకు అక్క. ఫోన్లలో ముఖాలు కనపడడం మొదలయ్యాక మళ్లీ దొరికాం. ఆమె మనవరాలు గౌరి పెళ్లి కుదిరింది. "ఆ దేశం నుంచి మన పుట్టింటి మనిసి ఒక్కరైనా రావాలే పైడీ" అని అక్క ఏడ్చినంత పనిచేసింది. వెళ్లాను.

మింగళ తౌంగ్‌న్యున్

అక్క ఇల్లు ఈ పేటలోనే, రైలు స్టేషనుకు దగ్గర, నాలుగో అంతస్తు. మెట్లు నిచ్చెనలా నిటారుగా ఉన్నాయి. అందుకే కాబోలు ఆ ఊళ్లో ప్రతి వసారా నుంచీ వీధిలోకి ఒక తాడు వేలాడుతుంటుంది. కింద చివర ఒక క్లిప్పు, పైన చిన్న గంట. పేపరువాడో రొట్టెలవాడో కింద సంచి తగిలించి తాడు లాగితే పైన గంట మోగుతుంది, ఇంటావిడ పైకి చేదుకుంటుంది. మన నూతిలో బొక్కెన చేదుకున్నట్టే, నీళ్లకు బదులు రొట్టెలు.

మొదటి పొద్దున గంట మోగితే నాకు సరదా ఆగలేదు. గబగబా చేదేశాను. తీరా చూస్తే అది పక్కింటివాళ్ల తాడు.

"ఏటే పైడీ! దిగిన మర్నాడే దొంగతనమా?" అని అక్క నడుం పట్టుకుని నవ్వింది. "ఆ బర్మా ఆవిడ నన్ను నలబై ఏళ్లుగా ఎరుగును. ఇయ్యాల్టితో నా పరువంతా తాడుకి ఎలాడిపోయింది."

రొట్టెలు తిరిగి ఇవ్వబోతే పక్కింటావిడ సగం మా చేతిలోనే పెట్టేసింది. బర్మావాళ్లకు ఇచ్చింది వెనక్కి తీసుకోవడం తెలియదని గౌరి చెప్పింది. గౌరి చౌక్తడా పేటలో ఒక ఆఫీసులో గుమాస్తా. తెలుగు, బర్మా, ఇంగ్లీషు ఒకే ముద్దలో కలిపి మాట్లాడుతుంది. నాకు మూడింట ఒక వంతు అర్థమయ్యేది, మిగతాది దాని చేతులు చెప్పేవి.

అక్క పొద్దున్నే ఒక చెక్కముక్కను సానమీద నీళ్లతో అరగదీసి, ఆ గంధాన్ని రెండు బుగ్గలకూ పూసుకుంటుంది. తనఖా అంటారు. ఎండకు చల్లగా ఉంటుందట. ఆ మీదట నుదుట ఇంత కుంకుమ. బుగ్గలు బర్మావి, నుదురు మనది. నాకూ పూసింది. అద్దంలో చూసుకుంటే పిండి గిన్నెలో పడి లేచినదానిలా ఉన్నాను.

వీధి చివర మొహింగా తిన్నాం. బియ్యపు సేమ్యా మీద చేపల పులుసు పోస్తారు. అందులో అరటి దవ్వ ముక్కలు! మన ఇళ్లలో అరటి దవ్వ కూర వండితే మూతి ముడుచుకునే పిల్లలు చూడాలి అక్కడి జనం జుర్రుకోవడం. ధర అడిగితే వేలల్లో చెప్పారు. అక్కడ అన్నీ వేలే, టీ కూడా. ప్రతిదాన్నీ రూపాయల్లోకి మార్చుకుంటూ ఉంటే గౌరి నా వేళ్లు పట్టుకుని ఆపింది. "కన్వర్ట్ సెయ్యకండి చిన్నమామ్మా. తినండి. కూల్ అయిపోద్ది."

చౌక్తడా మూలమీద

పెళ్లి ఎక్కడ అని అడిగితే, "సూపిత్తాను రా" అని అక్క మర్నాడు టాక్సీ ఎక్కించింది. ఏ కోవెల దగ్గరకో తీసుకెళ్తుందనుకున్నాను. పాత కోర్టులు, ఆఫీసులు ఉన్న చోట, రెండు వీధులు కలిసే మూల మీద దింపింది. ఎదురుగా ఒక టీ కొట్టు.

కొట్టు అన్నానే గాని, అది మామూలు ఇల్లు కాదు. ఎర్ర ఇటుక, కింద అరుగంతా నల్ల రాయి. మూలను ఏటవాలుగా కోసేసి, సరిగ్గా ఆ కోత మీద సింహద్వారం పెట్టారు. రెండు వీధుల్లో ఏ వీధిన వచ్చేవాడికైనా గుమ్మం కనపడుతుంది, తప్పించుకోలేడు. కిటికీల పైన రాతిలో ఒక ముళ్ల పువ్వు చెక్కి ఉంది. అచ్చం మన బ్రహ్మదండి.

"అది స్కాట్లాండ్ వాళ్ల పువ్వు చిన్నమామ్మా" అంది గౌరి. "వాళ్లకి చాలా గొప్ప."

"మేం కంచెల దగ్గర పీకి పారేస్తాం."

అది ఒకప్పుడు స్కాట్లాండు దొరలు తాగడానికి కట్టుకున్న ఇల్లు. బియ్యం మిల్లుల దొరలు, కలప దొరలు, ఏటి పడవల దొరలు. తమ ఊళ్లో వీధి మూలన తాగుడు కొట్టు ఎలా ఉంటుందో ఇక్కడా అలాగే కావాలని పట్టుబట్టి కట్టించారట. ఇనప స్తంభాలు ఓడ మీద తెచ్చుకున్నారు. టేకు మాత్రం ఇక్కడిదే, ఇంకెక్కడి నుంచి తెస్తారు?

లోపల అడుగు పెట్టగానే నాకు నోరు తెరుచుకుపోయింది. హాలు నడిమధ్య గుడ్డు ఆకారంలో పెద్ద టేకు కౌంటరు. దాని చుట్టూ కింద కాలు ఆనించుకోవడానికి ఇత్తడి గొట్టం. కౌంటరు మధ్యలోంచి చెక్క రథంలాంటిది పైకి లేచింది, స్తంభాలు, తోరణాలు, గూళ్లతో. ఆ గుండ్రటి గూళ్లలో ఒకప్పుడు సారా పీపాలు పడుకోబెట్టేవారు. ఇప్పుడు డబ్బాపాల టిన్నులు వరసగా కూర్చున్నాయి. పైకప్పుకు సున్నంతో చేసిన ద్రాక్షగుత్తులు, ఆకులు. గోడవారగా చిన్న చిన్న చెక్క గదులు, మనిషి తల ఎత్తు వరకు గరుకు అద్దాలు. ఎవడు ఎవడితో తాగుతున్నాడో పక్కవాడికి తెలియకుండానట. తాగేవాళ్ల సిగ్గు కోసం ఇంత అద్దం ఖర్చు పెట్టినవాళ్లను నేను ఎక్కడా వినలేదు. మా ఊళ్లో బ్రాందీ కొట్టు ముందు తువ్వాలు తల మీద వేసుకుంటే సరిపోతుంది.

హాలుకు ఒక పక్కన ఇంకో చిన్న గది. అది దొరసానులది. మగవాళ్ల మధ్యకు రాకూడదు కాబట్టి పక్క సందులోంచి వచ్చి, అక్కడ కూర్చుని, చిన్న కిటికీలోంచి గ్లాసు అందుకునేవారట. ఆ గదికీ హాలుకూ మధ్య మందపాటి గోడ. గోడకు కుడివైపు ఒక దారి, ఎడమవైపు ఒక దారి. ఎడమ దారికి అడ్డంగా కూల్‌డ్రింకుల ఫ్రిజ్ పెట్టేశారు. ఈ గోడ దగ్గరకు రావడానికే ఇంతసేపూ చెప్పుకొచ్చాను.

ఆ గోడకు హాలు వైపున రాతితో చెక్కిన గూడు ఉంది. రెండు పక్కలా పొట్టి స్తంభాలు, పైన తోరణం, తోరణం మధ్యన మళ్లీ బ్రహ్మదండి, ఆ పైన రాతి అరుగు. గూడు ముందుభాగం రంగు వేసిన రేకుతో మూసి ఉంది. అరుగు మీద ఎండిన మల్లెలు, కుంకుమ. అక్క చెప్పులు విప్పి, వెళ్లి, దండం పెట్టింది.

"దొరల గుడి" అంది నాతో, గొంతు తగ్గించి.

పెద్దతాత అప్పన్న ఈ ఇంట్లోనే పనిచేశాడు. నేలమాళిగలో పీపాలు దొర్లించే పని. తెల్లారగట్ల కొట్టు తెరవకముందు కౌంటరు వెనక చెక్క మూత ఎత్తుకుని పైకి వచ్చి హాలు ఊడ్చి, మళ్లీ అందులోంచే కిందకి దిగిపోవాలి. ఎదురు గుమ్మం పనివాళ్లకు కాదు. ఇంకా రేకు లేని ఆ రోజుల్లో, మసక చీకట్లో అలా ఊడుస్తున్నప్పుడు ఈ గూడు చూశాడు. స్తంభాలు, తోరణం ఉండి లోపల ఏమీ లేని చోటు గుడి కాక మరేమిటి? దొరల దేవుడికి రూపం ఉండదు కాబోలు అనుకున్నాడు. రోజూ దండం పెట్టుకుని పనిలోకి దిగేవాడు. దొరలు పోయి, ఇల్లు బర్మావాళ్ల చేతికి వచ్చి, టీ కొట్టు అయ్యాక కూడా ఆయన కొడుకు, ఆ తర్వాత అక్క, ఏడాదికోసారి వచ్చి పూలు పెట్టడం మానలేదు.

"తాత అనేవోడు" అంది అక్క. "నాను ఎలకలాగ బొక్కలోంచి ఒచ్చి దండమెట్టుకున్నాను. ఎప్పుటికైనా మన పిల్ల మేళంతోటి ఎదురు గుమ్మంలోంచి ఒచ్చి ఈ గుడికాడ పెళ్లి సేసుకోవాల అని. నా పెళ్లికి కుదర్లేదు. నా కొడుకు పెళ్లికీ కుదర్లేదు. నాకు డెబ్బై దాటిపోనాయి పైడీ."

కొట్టు యజమానురాలు డా తిన్ తిన్ వచ్చింది. అక్కడ పెద్ద ఆడవాళ్ల పేరుకు ముందు డా అని గౌరవంగా అంటారు. సన్నగా, నిటారుగా, జుట్టులో ఒక్క పువ్వుతో ఉంది. తండ్రి దగ్గర నుంచి వచ్చిన కొట్టు. పెళ్లికి హాలు ఇస్తానని మాట ఇచ్చింది, ఒక పూట కొట్టు మూసుకుని మరీ. కాని ఆ రోజు అక్క హోమం మాట ఎత్తగానే ఆమె పైకప్పు వైపు, కౌంటరు వైపు, చెక్క గదుల వైపు వరసగా చెయ్యి చూపించి ఒక్కటే మాట అంది. "మయబూ."

మయబూ అంటే కుదరదని. రంగూన్‌లో నేను మొదట నేర్చుకున్న మాట అదే.

"మేకు కొట్టకూడదని ముందే చెప్పింది, ఒప్పుకున్నాం" అని గౌరి నాకు తెలుగులో చెప్పింది. "ఇప్పుడు ఫైర్ వద్దంటోంది. చిన్నప్పుడు వాళ్ల వీధి మొత్తం కాలిపోయిందట. ఇదంతా కర్ర కదా. ఆవిడ చెప్పిందీ రైటే."

రైటే. అందుకే అక్క వాదించలేదు, చెప్పులు వేసుకుని బయటికి నడిచింది.

చిమిండైంగ్ బజారు

పెళ్లికొడుకు హరి వాళ్లది ఏటి ఒడ్డున చిమిండైంగ్. వాళ్ల పెద్దలు గంజాం నుంచి వచ్చారు, ఇంట్లో ఒడియా, తెలుగు రెండూ నడుస్తాయి. అరటిపళ్లు, తమలపాకులు కొనే వంకతో అక్క నన్ను అక్కడికి తీసుకెళ్లింది. అసలు పని వియ్యంకుడిని ఒప్పించడం.

బజారు చూసి నా కళ్లు తిరిగాయి. మన చేపల రేవులో ఉన్నట్టే అరుపులు, అదే బురద, అదే వాసన. ప్రాణం లేచొచ్చింది. ఎండుచేపల దుకాణంలో ఒకావిడ నా మెడలో నల్లపూసలు చూసి, "ఆంధ్రానా? మా అమ్మమ్మది కళింగపట్నమట" అని తెలుగులో పలకరించింది. అంతకు మించి ఆమెకు తెలుగు రాదు. ఇద్దరం నవ్వుతూ నిలబడ్డాం, మాటలు అయిపోయాయి. ఊరికే ఒక గుప్పెడు ఎండురొయ్యలు పొట్లం కట్టి ఇచ్చింది.

పెళ్లికొడుకు తండ్రి సింహాద్రి మాకు లపెతో అని నానిన టీ ఆకు కలిపిన తిండి పెట్టాడు. వేరుశనగలు, నువ్వులు, వేయించిన వెల్లుల్లి, టీ ఆకు. టీని నమిలి తినడం మొదటిసారి. చేదు, పులుపు, కరకర. రెండోసారి అడిగి పెట్టించుకున్నాను.

"ఏటండి ఒదినగారూ" అన్నాడు సింహాద్రి, లుంగీ సర్దుకుంటూ. "పెళ్లి సారా కొట్లో అంటే మా వోళ్లందరూ ముందే వచ్చి కూకుంటామన్నారు. తీరా వత్తే టీ ఇత్తారట! అదే పెద్ద మోసం."

అందరం నవ్వాం. అక్క కూడా నవ్వి, ఆ నవ్వులోనే హోమం సంగతి చెప్పేసింది. సింహాద్రి నవ్వు ఆగిపోయింది.

"అగ్గి లేదా?"

"ఆవిడ ఒద్దంటంది అన్నయ్యా."

"మరైతే కోవెల హాల్లో సేసేద్దాం. దానికేటి? అగ్గిసాచ్చి లేకుండా మూడు ముళ్లెలగ పడతాయి? మా ముసలోళ్లు అచ్చింతలు ఎయ్యరు." ఆయన కోపంగా అనలేదు, జాలిగానే అన్నాడు. "ఎల్లుండే లగ్నం. రేపు సాయంత్రానికి తేల్చి సెప్పీండి ఒదినా."

మళ్లీ చౌక్తడా

మర్నాడు మధ్యాహ్నం అక్క, నేను, గౌరి మళ్లీ టీ కొట్టుకు వెళ్లాం. బతిమాలడానికి కాదు. "సెప్పుకుని ఎల్లిపోదాం" అంది అక్క. ఎవరికి చెప్పుకోవాలో నాకు అర్థమైంది.

కరెంటు పోయి జనరేటరు గుడగుడలాడుతోంది. గిరాకీ పల్చగా ఉంది. అక్క దొరల గుడి ముందు నిలబడి, తెచ్చిన మల్లెలు అరుగు మీద పెట్టింది. రాతికి నుదురు ఆనించింది. లేచేటప్పుడు మోకాలు పట్టేసి, పడిపోకుండా చేతికి అందినది పట్టుకుంది. అందింది ఆ రంగు రేకు. అది ఒక్కసారి కిర్రుమని ఊడి వచ్చేసింది. వెనకనుంచి బుస్సుమన్న చప్పుడుతో నల్లటి పొడి దబదబా కిందకి రాలి, హాలులోకి లేచి, కాసేపు ఎవరికీ ఎవరూ కనపడలేదు.

పొడి అణిగాక చూస్తే అక్క నిలువెల్లా నలుపు. తనఖా బుగ్గలు, కుంకుమ, తెల్ల జుట్టు, అంతా. రెండు కళ్లు మాత్రం తెల్లగా తిరుగుతున్నాయి.

డా తిన్ తిన్ కౌంటరు వెనకనుంచి పరుగున వచ్చింది. నోరు తెరిచింది. అక్కను చూసి, తిట్టడానికి తెరిచిన నోరు అలాగే ఉండిపోయి, తర్వాత నవ్వయింది. పమిట చెంగు లేదు కాబట్టి తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని భుజాలు ఊగేలా నవ్వింది.

నేను వేలితో ఆ పొడి తీసి రాసి చూశాను. అలా చూడక్కర్లేదు కూడా. రోజూ పొయ్యి దగ్గర నిలబడేవాళ్లకు ఆ వాసన ముక్కుకే తెలుస్తుంది.

"మసి" అన్నాను.

అక్క గూటిలోకి తొంగి చూసింది. లోపల కాలిన ఇటుకలు, కింద తుప్పుపట్టిన ఇనప చువ్వలు, పైన చీకట్లో ఎక్కడో ఒక రూపాయి బిళ్లంత ఆకాశం.

"పొయ్యా?" అంది అక్క. ఆ గొంతు నాకు ఇప్పటికీ వినపడుతోంది. "ఇది పొయ్యా పైడీ?"

డా తిన్ తిన్ తన తండ్రి మాట గుర్తు తెచ్చుకుని చెప్పింది. దొరల దేశంలో ఎప్పుడూ చలి కాబట్టి వాళ్ల ఇళ్లలో గోడకే పొయ్యి ఉంటుందట, వంటకు కాదు, వెచ్చగా కూర్చోవడానికి. ఇక్కడా కట్టుకున్నారు. ఏడాదికోసారి, వాళ్ల కొత్త సంవత్సరం నాడు, చెమటలు కక్కుకుంటూ అందులో నిప్పు వేసుకుని చుట్టూ కూర్చునేవారని విన్నానంది. ఆ తర్వాత గబ్బిలాలు దిగుతున్నాయని తండ్రి రేకు కొట్టేశాడు. ఈ రేకు వెనక ఉన్నది అదేనని ఇన్నాళ్లూ ఆమెకూ తట్టలేదు.

మాఘమాసంలోనే విసనకర్ర కావలసిన ఊళ్లో చలిపొయ్యి! ఇంటి మీద బెంగతో మనుషులు ఎంత పని చేస్తారో.

అక్క కుర్చీలో కూలబడింది. "మా తాత దండమెట్టింది పొయ్యికా? మా అయ్య పూలెట్టింది పొయ్యికా? అందరూ నవ్వుతారు."

అక్క నల్లటి చేతులు ఒళ్లో పెట్టుకుని చూసుకుంటూ కూర్చుంది. తర్వాత తలెత్తింది.

"అయితే ఏటైంది?" అంది. "పొద్దున్నే లేసి పొయ్యి అలికి, ముగ్గెట్టి, బొట్టెట్టి, దండమెట్టకుండా మనం ఎప్పుడైనా అగ్గి రాజేసామా? మా తాత ఒక్కడే దాన్ని పొయ్యిలాగ సూసేడు. దొరలకే తెలీదు." అని లేచి, కొంగుతో ముఖం తుడుచుకోబోయి ఇంకా నల్లగా చేసుకుని, డా తిన్ తిన్ వైపు తిరిగింది. పొయ్యి వైపు చెయ్యి చూపించి బర్మా భాషలో ఏదో అడిగింది. ఆమె గూటి ముందు గొంతుక్కూర్చుంది. గూటిలో చెయ్యి పెట్టి లోపలి ఇటుకలు తడిమింది. చువ్వలు కదిపి చూసింది.

"రేపు పొద్దున్నే వెలిగించి చూడాలట" అంది గౌరి. "పొగ సీలింగ్ దగ్గరకు వచ్చిందా, మయబూ. అంతే."

పెళ్లి కూడా రేపే. లగ్నం పదకొండు గంటలకు. సింహాద్రికి అక్క ఫోను చేసి, "అగ్గి ఉన్నాది అన్నయ్యా. ఉండేలాగే ఉన్నాది" అని చెప్పింది.

పొగ

తెల్లారేసరికి పంతులుగారు, హరి, మేము అక్కడున్నాం. పంతులుగారు మిగతా రోజుల్లో మోటారు విడిభాగాల దుకాణంలో పనిచేస్తారు. గూడు ముందు కూర్చుంటే ముఖం తూర్పుకు వస్తుందని లెక్క చూసి సంతోషపడ్డారు. వెంటనే ఇంకో సందేహం వచ్చింది. "గోడలో ఉన్న అగ్నికి ప్రదక్షిణం ఎలా చేయిస్తానమ్మా?"

అందరం గోడ వైపు చూశాం. కుడి దారి తెరిచి ఉంది. ఎడమ దారికి ఫ్రిజ్.

"ముందు పొగ సంగతి తేలనీండి" అంది అక్క.

కొబ్బరి పీచు, నాలుగు పుల్లలు పెట్టి వెలిగించాం. పొగ ఒకసారి పైకి వెళ్లి, అక్కడ ఎవరో వద్దన్నట్టు తిరిగొచ్చి, మా ముఖాల మీద పడింది. దగ్గుకుంటూ వీధిలోకి పరుగెత్తాం. డా తిన్ తిన్ గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడింది. మాట అనలేదు. ఆ మాట అందరికీ తెలుసు.

హరి లుంగీ పైకి దోపి, పెళ్లికొడుకునన్న సంగతి మరిచిపోయి మేడ ఎక్కాడు. ఒక పొడుగాటి వెదురు పుచ్చుకుని పొగగొట్టంలో పొడవడం మొదలుపెట్టాడు. కింద పొయ్యిలోకి పుల్లలు, ఈకలు, పాత పిట్టగూళ్లు, ఒక చొక్కా చెయ్యి, మళ్లీ పుల్లలు రాలాయి. ఆఖరికి గుండ్రంగా ఒకటి దొర్లుకుంటూ వచ్చి డా తిన్ తిన్ కాళ్ల దగ్గర ఆగింది. పేము బంతి. అక్కడి మగపిల్లలు కాళ్లతో ఆడే పేము అల్లిక బంతి, మసి పట్టి నల్లగా ఉంది.

ఆమె దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసింది. "మా తమ్ముడిది" అంది. "నేను దాచేశానని నన్ను కొట్టించాడు." పైకి తలెత్తి, మేడ మీద ఉన్న హరికి వినపడేలా ఇంకా ఏదో అరిచింది. గౌరి పకపకా నవ్వింది. "ఆ పెళ్లికొడుకుని ఇంకా గట్టిగా పొడవమనండి, తమ్ముడి గాలిపటాలు కూడా ఉంటాయి అంటోంది!"

రెండోసారి వెలిగించాం. పొగ కాసేపు ఆలోచించుకుంది. తర్వాత తాడు పట్టి లాగినట్టు సర్రున పైకి పోయింది. పైకప్పు ద్రాక్షగుత్తులకు ఒక్క పోగు అంటలేదు.

డా తిన్ తిన్ బంతిని కౌంటరు మీద పెట్టింది. నేరుగా ఫ్రిజ్ దగ్గరకు వెళ్లి, ప్లగ్గు పీకి, భుజం ఆనించి తొయ్యడం మొదలుపెట్టింది. మేకు కూడా కొట్టకూడదన్న మనిషి! మేమంతా వెళ్లి భుజాలు కలిపాం.

ఎదురు గుమ్మం

సన్నాయి ఒక్కటే దొరికింది, డప్పులు మాత్రం చిమిండైంగ్ నుంచి నాలుగు వచ్చాయి. గౌరి బుగ్గలకు తనఖా, నుదుట బాసికం. మూల మీద ఉన్న సింహద్వారం ముందు అక్క దాన్ని ఆపింది. తను ముందుగా లోపలికి వెళ్లి, కౌంటరు వెనక నేలలో ఉన్న ఆ చెక్క మూతమీద కాస్త పసుపు, అక్షతలు వేసి వచ్చింది. అప్పుడు "రండి" అంది. మేళం లోపలికి వచ్చింది. ఆ ఎత్తు పైకప్పు కింద డప్పు ఎలా మోగిందో చెప్పలేను. గరుకు అద్దాలన్నీ గల్లుగల్లుమన్నాయి.

ఆడపెళ్లివారు ఒక పక్క చెక్క గదుల్లో, మగపెళ్లివారు ఇంకో పక్క. విడిది ఇళ్లు దొరలే కట్టి పెట్టారు. సింహాద్రి గరుకు అద్దం మీంచి తల పైకెత్తి, "ఒదినా, ఇక్కడ కూకుంటే తాగాలనిపిస్తంది, టీ అయినా పంపండి" అని కేకేశాడు.

హోమం వెలిగింది. మూడు ముళ్లు పడ్డాయి. ప్రదక్షిణానికి లేచినప్పుడు పంతులుగారు దారి చూపించారు. కొంగులు ముడివేసుకున్న ఇద్దరూ ఎడమ దారిలోంచి దొరసానుల గదిలోకి వెళ్లి మాయమయ్యారు. మేమంతా మెడలు సాచి కుడి దారి వైపు చూశాం. వచ్చారు. మళ్లీ మాయం. ఆ గదిలోనుంచి గౌరి నవ్వు వినపడింది. అక్కడ వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో పెళ్లి అయ్యాక ఎంత అడిగినా చెప్పలేదు. మన పెళ్లిళ్లలో కొత్త దంపతులకు పీటల మీదే ఇలా కాసేపు గోడ చాటు దొరికిందని నేనెప్పుడూ వినలేదు.

మూడోసారి తిరుగుతుండగా వీధిలోంచి ఒకాయన నీళ్ల బక్కెట్టుతో దూసుకొచ్చాడు. ఎదురు మేడలో ఉంటాడు. ఆ కప్పు మీంచి పొగ రావడం పుట్టి బుద్ధెరిగి చూడలేదట. నీళ్లు పొయ్యడానికి చెయ్యి ఎత్తాడు. డా తిన్ తిన్ రెండు చేతులూ చాపి అడ్డం నిలబడింది. "మయబూ! మయబూ!" హాలంతా గొల్లుమంది. ఆయనకు పులిహోర పెట్టి, బక్కెట్టు పుచ్చుకుని, ఆ నీళ్లే చేతులు కడుక్కోవడానికి వాడేశాం.

నేను అక్క కోసం చూశాను. పొయ్యికి ఎదురుగా కుర్చీ వేసుకుని, చెమట కారిపోతున్నా, చలిలో కూర్చున్నదానిలా రెండు చేతులూ మంట వైపు చాచి కూర్చుంది.

వచ్చేముందు

ఊరు వదిలే రోజు పొద్దున నేను, అక్క, గౌరి ఆ కొట్టుకే టీకి వెళ్లాం. గౌరి చేతుల గోరింటాకు ఇంకా ఎర్రగానే ఉంది. కౌంటరు చుట్టూ గుమాస్తాలు, పేపర్లు, ఎప్పటి సందడే. ఫ్రిజ్ మళ్లీ దారికి అడ్డం పెట్టలేదు. గోడ పక్కకు జరిపి పెట్టారు. గూటికి రేకు లేదు. రాతి అరుగు మీద తాజా మల్లెలు, ఒక చిన్న కప్పులో టీ, వాటి పక్కన పేము బంతి. ఆ పూలు అక్క పెట్టినవి కావు.

ఎవరో ఒకాయన చుట్ట కాల్చి, పొయ్యే కదా అని చుట్టపీక అందులోకి విసిరాడు. డా తిన్ తిన్ కౌంటరు అవతలినుంచి తిట్లు లంకించుకుంది. ఆయన లేచి, వంగి, ఏరుకుని బయట పారేసి వచ్చేదాకా ఊరుకోలేదు.

"ఏమంటోంది?" అని అడిగాను.

గౌరి నవ్వు ఆపుకుంటూ చెప్పింది. "అది గుడట. కళ్లు కనపడడం లేదా అంటోంది. మామ్మా, గుర్తు సెయ్యనా, అది పొయ్యి అని మనకి సెప్పింది ఆవిడేనని?"

అక్క టీని సాసరులోకి ఒంపుకుని, ఊదుకుని, ఒక గుటక వేసింది.

"ఊరుకోయే" అంది. "ఆ ముచ్చట మనకి అయిదు తరాలు నడిసింది. ఆవిడకీ కొన్నాళ్లు నడవనీ."